పదకొండో పిన్ను

ఓపీ చీటీ వెనక గాంధీ దవాఖాన వాళ్ల రాత:
నెత్తి వెనక భాగం, స్టేపుల్సు పదకొండు.
తేదీ పోయిన ఆదివారంది. ఇవాళ మంగళవారం.
వేళ్ల కణుపుల మీద లెక్కేశాను, తొమ్మిది రోజులు.

"మొన్ననే వద్దామనుకున్న సిస్టరమ్మా, ఒకటే దురద" అన్నాడు కొమురెల్లి.
దురద మంచిదే, లోపల పని జరుగుతున్నదని.
నెత్తి చర్మం తొందరగానే అతుక్కుంటుంది గానీ
వారం నిండకముందే తీస్తే మళ్లీ నోరు తెరవొచ్చు.
మరీ ఆలస్యం చేస్తే
చర్మం పిన్నును తన సొంతమనుకుని లోపలికి మింగుతుంది.
పోయిన వానాకాలం ఒకాయన
కరెంటు పని చేసే కటింగ్‌ప్లేరుతో ఇంట్లోనే పీక్కుని
తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.
తువ్వాలు ఏ రంగులో ఉందో చెప్పను.

చిలకలగూడ సందులో కొమురెల్లిది కటింగు షాపు.
వానకు తుప్పుపట్టిన షట్టరు
సగం లేపంగనే జారి నెత్తిన పడింది.
ముప్పయ్యేళ్లు బస్తీ తలలన్నీ పట్టుకున్న మనిషి
తన తల నాకిచ్చి స్టూలు మీద కూర్చుంటే
మెడ ఒక్క చోట నిలవదు.
"వంచు" అనే మాట
ఆయన అనేది, ఆయన వినేది కాదు.

"ఎవడు గీసిండమ్మా ఈ జుట్టు?
మేక మేసిన గట్టు లెక్క చేసిండు."
నేను నవ్వలేదు. చేతులు కడుక్కుంటున్నాను.

సెలైన్‌లో నానిన దూది
ఎండిన రక్తం మీద పెట్టి ఆగాను.
పెచ్చు మెత్తబడాలి, పిన్నుకు చుట్టుకున్న వెంట్రుక విడవాలి.
ఆ తర్వాతే పనిముట్టు.
"జర చూపియ్" అన్నాడు.
కడిగిన గ్లౌజుల్లోంచి ఇవ్వనన్నాను.
దూరం నుంచే చూశాడు, కత్తెర కొనేవాడిలా:
పై దవడకు ఒకటే పన్ను, కింది దవడకు రెండు.
రెండు పళ్లూ పిన్ను కిందికి జారాలి,
పిడి పూర్తిగా నొక్కాలి.
నడుమ వంగుతుంది, రెండు కాళ్లూ వాటంతటవే పైకి లేస్తాయి.
లాగొద్దు. లాగేవాడికి ఓపిక లేదన్నట్టు.
"మాదీ గంతే" అన్నాడు, "కత్తి తోస్తే కోస్తది, జారిస్తే గీస్తది."

ఒకటి తీసి ఒకటి వదిలి,
గీత వైపు చూశాను.
విచ్చుకుంటే అక్కడే ఆపి, పట్టీలు వేసి,
నాలుగు రోజులాగి రమ్మనేదాన్ని.
విచ్చుకోలేదు. సన్నగా, గులాబీ రంగులో, మూసుకునే ఉంది.
మిగిలినవీ తీశాను.

ట్రేలో టిక్కుమని, టిక్కుమని, పది.
మళ్లీ లెక్కపెట్టాను, పది.
చీటీ మీద పదకొండు.
"రాసినోడు తప్పు రాసిండేమో" అన్నాడు.
కావచ్చు. అయినా చీటీనే నమ్ముతాను
పిన్ను కనబడేదాకా.
ట్యూబులైటు కిందికి తల తిప్పాను,
పాయలు పాయలుగా విడదీస్తుంటే
"చెవి వెనకకెల్లి మొదలువెట్టు" అని తనే చెప్పాడు.
అక్కడే ఉంది, గాయం చివర,
నెరిసిన వెంట్రుకల కింద, నెరిసిన వెంట్రుక రంగులోనే.

రేపటిదాకా తడపొద్దు.
దువ్వెన పళ్లు అటు పోనీయొద్దు. కొన్నాళ్లు రంగు వద్దు.
వాచినా, చీము పట్టినా, కాలినట్టుగా వేడెక్కినా
పొద్దు చూడకుండా రా.
"రంగు నేనేస్త గానీ, ఏస్కోను."

గోడకు అద్దముంది, చేతులు కడిగే తొట్టి మీద.
"ఇంకో అద్దముందా?"
హ్యాండుబ్యాగులోంచి బొట్టు పెట్టుకునే గుండ్రటిది తీసి
ఆయన వెనక నిలబడి పట్టుకున్నాను.
"జర పైకి. ఇటు. ఆఁ, ఆడ్నే."
చాలాసేపు చూసుకున్నాడు.
బాగుందనలేదు, బాగలేదనలేదు.
తల మాత్రం ఊపాడు,
బాకీ పెట్టి పోయే గిరాకీ ఊపినట్టు.

లేచి, భుజాల మీది తువ్వాలు తీసి
గుమ్మం బయట రెండుసార్లు దులిపాడు.
అందులో ఒక్క వెంట్రుకైనా లేదు.
నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద వేసి
బెంచీ వైపు తిరిగి
"ఆఁ, తర్వాత ఎవరు?" అన్నాడు.

జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకుని
ఒకావిడ లేచి నిలబడింది.